మీ ఇంటి ముందు బీచ్‌లో ఇసుక పోస్తామంటున్నారా? సంతకానికి ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చూసుకోవాలి

సముద్రం ఒడ్డున ఇల్లో, స్థలమో, చిన్న లాడ్జో ఉన్నవాళ్ళ చేతికి ఎప్పుడో ఒకప్పుడు రెండు రకాల కాగితాలు వస్తాయి. ఒకటి బీచ్ పునరుద్ధరణది. మీ స్థలం ముందు ఇసుక పోస్తాం, పైపులు వేసుకోవడానికి, బుల్‌డోజర్లు తిరగడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టండి అంటుంది. రెండోది అభివృద్ధిది. పక్కన జెట్టీనో, రిసార్టో, బీచ్ రోడ్డో వస్తోంది, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోపు చెప్పండి అంటుంది. మొదటిది చూడగానే ఊరట, రెండోది చూడగానే టెన్షన్. అందుకే చాలామంది మొదటి కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టేస్తారు, రెండో కాగితాన్ని చదవకుండా గొడవకి దిగుతారు. రెండు విధాలా నష్టపోయేది యజమానే.

నిజానికి ఈ రెండు కాగితాలూ ఒకే విషయం గురించి: మీ ముందున్న ఇసుక ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది, మధ్యలో దాన్ని ఎవరు ఆపుతున్నారు. ఇది అర్థమైతే దేనికి ఒప్పుకోవాలో, దేన్ని ఎదిరించాలో మీకే తెలుస్తుంది. ఇంకో మాట ముందే చెప్పేస్తాను. పోసిన ఇసుక శాశ్వతం కాదు. అది కరుగుతుంది, మళ్ళీ పోయాలి. రెండో విడత ఇసుక ఎవరు పోస్తారు, ఆ డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది అనే ప్రశ్నకి కాగితం మీద జవాబు లేకపోతే సంతకం పెట్టకండి. మొదటి విడతకి ఫొటోలు దిగడానికి అందరూ వస్తారు. మీకు అవసరం పడేది రెండో విడతప్పుడు.

ముందు గతం చూడండి

తుఫాను వచ్చి వెళ్ళాక పొద్దున్నే తలుపు తీసేసరికి 10 మీటర్ల బీచ్ కనిపించకపోతే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ ఆ ఇసుకలో చాలా భాగం దూరం పోదు. ఒడ్డుకి కాస్త అవతల నీళ్ళ కింద తిన్నెలా పేరుకుంటుంది. సముద్రం నెమ్మదించిన నెలల్లో చిన్న కెరటాలు దాన్ని కొంచెం కొంచెంగా మళ్ళీ ఒడ్డుకి నెట్టుకొస్తాయి. ఏటా జరిగే ఈ రాకపోకలు వేరు, ఏటికేడు తీరం వెనక్కి జరగడం వేరు. మొదటిదానికి ఓపిక చాలు. రెండోదానికే పథకం కావాలి.

ఈ తేడా పట్టుకోవడానికి ఇంట్లో కూర్చునే చేయగలిగిన పని ఉంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ చిత్రాలు వరసగా చూడొచ్చు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి అందరికీ ఉచితం. వాటిలో ఒక్కో చుక్క పదుల మీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి పెద్ద మార్పులే తెలుస్తాయి. 2015 నుంచి వస్తున్న సెంటినెల్-2 చిత్రాల్లో చుక్క 10 మీటర్లే. మారని గుర్తు ఒకటి ఎంచుకోండి: మీ ఇంటి మూల, రోడ్డు మలుపు, లైట్‌హౌస్ ఏదైనా సరే. అక్కడ నుంచి ఒడ్డున మొక్కలు మొదలయ్యే అంచు దాకా ఎంత దూరం ఉందో ఏడాదికొకటి చొప్పున రాసుకోండి. నీటి అంచుని కొలవొద్దు, ఎందుకంటే అది పోటుకీ పాటుకీ మధ్య గంటగంటకీ మారుతుంది. ప్రతి ఏడూ ఒకే నెల చిత్రం తీసుకోండి. కనీసం 10 ఏళ్ళ లెక్క ఉంటే తప్ప తీరం వెనక్కి జరుగుతోందని గట్టిగా అనకండి.

తర్వాత మీరే కొలవండి

ఈ పని ఎవరూ చేయరు, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. అమెరికన్ సముద్ర భూవిజ్ఞాని కె.ఒ. ఎమెరీ 1961లో ప్రచురించిన పద్ధతి ఒకటుంది. దీనికి కావలసింది రెండు తిన్నటి కర్రలు, ఒక తాడు, ఒక నోట్‌బుక్, ఒక తోడు మనిషి. అంతే.

కర్రలు ఒక్కొక్కటి 1.5 మీటర్ల పొడవుండాలి, రెండూ సరిగ్గా సమానంగా ఉండాలి. సున్నా పైకొసన వచ్చేలా పై నుంచి కిందికి సెంటీమీటరు గీతలు గీయండి. కింద చిన్న చదునైన చెక్క బిగిస్తే ఇసుకలో దిగబడవు. రెండు కర్రల మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉండేలా 2 మీటర్ల తాడు కట్టండి. మీ ప్రహరీ మూలో, కదలని రాయో మొదలు గుర్తు. దాని దగ్గర వెనక కర్రతో మీరు నిలబడండి, తోడు మనిషి ముందు కర్రతో సముద్రం వైపు తాడు బిగుతయ్యే దాకా వెళ్ళి నిలబడతారు.

ఇప్పుడు వంగి, ముందు కర్ర కొసా, దూరాన ఆకాశం సముద్రం కలిసే గీతా ఒకే వరసలో కనిపించేలా చూడండి. ఆ చూపు మీ కర్ర మీద ఏ గీతని దాటుతుందో చదవండి. 14 అని వస్తే ఆ 2 మీటర్లలో బీచ్ 14 సెంటీమీటర్లు దిగిందన్నమాట. కొన్నిచోట్ల బీచ్ సముద్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు మీ కర్ర కొస మీదుగా ఆ గీతని చూసి, ముందు కర్ర మీద అది తగిలే అంకె చదివి, కూడిక గుర్తుతో రాయండి. వెనక కర్రని ముందు కర్ర నిలబడ్డ చోటికి తెచ్చి, ముందు కర్రని ఇంకో 2 మీటర్లు జరిపి మళ్ళీ చూడండి. పాటు సమయంలో మొదలుపెడితే మోకాలి లోతు నీళ్ళ దాకా వెళ్ళొచ్చు. 60 మీటర్ల బీచ్ అయితే 30 అంకెలు వస్తాయి, అలవాటైతే అరగంట పని. ఇంటికొచ్చి గళ్ళ కాగితం మీద గీస్తే మీ బీచ్ అడ్డుకోత బొమ్మ మీ చేతిలో ఉంటుంది.

నెలకోసారి, అదే గుర్తు నుంచి, అదే దిశలో చేయండి. తేదీ, సమయం రాయండి, ఒక ఫొటో తీయండి. ఏడాది తిరిగేసరికి మీ దగ్గరున్నంత వివరం ఇంజనీర్ల దగ్గర కూడా ఉండకపోవచ్చు. ఎందుకంటే వాళ్ళు మీ స్థలం ముందు ఏడాదికి ఒకటి రెండుసార్లకి మించి కొలవడం అరుదు. సమావేశంలో లేచి "మా బీచ్ పోతోందండీ" అంటే ఎవరూ రాసుకోరు. "మా మూల నుంచి 20 మీటర్ల దూరంలో ఏడాదిలో ఇసుక 62 సెంటీమీటర్లు దిగింది, ఇవిగో 12 కొలతలు" అంటే రాసుకోక తప్పదు.

ఇసుక ఎక్కడ ఆగిపోతోందో వెతకండి

కెరటాలు ఒడ్డుని ఏటవాలుగా తాకుతాయి. అందువల్ల ఇసుక ఒడ్డు వెంబడే ఒక వైపుకి నడుస్తూ ఉంటుంది. ఆ నడకకి అడ్డంగా రాతి గట్టు కడితే ఇసుక వచ్చే వైపు బీచ్ పెరుగుతుంది, అవతలి వైపు కోత మొదలవుతుంది. దీనికి కళ్ళెదుటి సాక్ష్యం చెన్నై. భారత తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక నికరంగా ఉత్తరానికి నడుస్తుంది. హార్బరు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. పుదుచ్చేరిలో 1980ల్లో కట్టిన హార్బరు గోడల వల్ల నగరం ముందున్న బీచ్ పోయి రాళ్ళ గట్టే మిగిలింది. 2018లో నీళ్ళలో మునిగి ఉండే కట్టడం వేసి, ఇసుక చేర్చి, అక్కడ బీచ్‌ని మళ్ళీ నిలబెట్టారు. అమెరికాలోని మేరీల్యాండ్‌లో 1933 తుఫాను ఓషన్ సిటీ దగ్గర తీరపు ఇసుక దీవిని కోసి సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచింది. దాన్ని మూసుకుపోకుండా ఉంచడానికి సముద్రంలోకి రాతి గట్లు (జెట్టీలు) కట్టారు. ఆ తర్వాత దక్షిణాన ఉన్న అసటీగ్ దీవి ఉత్తర భాగం ఇసుక అందక, తన వెడల్పుని మించి లోపలికి జరిగిపోయింది.

అడ్డు సముద్రంలోనే ఉండాలని లేదు. నైలు నది మీద అస్వాన్ హై డ్యామ్ 1970లో పూర్తయ్యాక డెల్టాకి ఒండ్రు రావడం దాదాపు ఆగిపోయింది, రొసెట్టా దగ్గర తీరం వేగంగా కోతకి గురైంది. కాబట్టి మీ తీరానికి ఇసుక తెచ్చే వైపు చూడండి. ఏ నది వస్తోంది, దాని మీద ఎన్ని ఆనకట్టలున్నాయి, నది పొట్టలో ఇసుక తవ్వుతున్నారా, ఎక్కడైనా గట్టు కొత్తగా కట్టారా. గట్టు కట్టిన ఏడాదిని మీ ఉపగ్రహ కొలతల పక్కన పెట్టండి. కోత ఆ తర్వాతే మొదలైతే మీకు పెద్ద ఆధారం దొరికినట్టే. కారణం గట్టయినప్పుడు ఒక్కసారి ఇసుక పోసి వదిలేస్తే సరిపోదు, గట్టు దగ్గర ఆగిన ఇసుకని ఏటా ఇవతలకి దాటించాలి. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది ముఖద్వారం దగ్గర 2001 నుంచి పైపుల ద్వారా చేస్తున్న పని ఇదే. అక్కడ సగటున ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్ల ఇసుక అవతలి బీచ్‌లకి పంపుతారు.

హద్దు ఎక్కడుందో కాగితం మీద తేల్చుకోండి

ఇసుక పోస్తే స్థలం పెరుగుతుంది, పెరిగిందంతా నాదే అని చాలామంది అనుకుంటారు. అది చాలాచోట్ల తప్పు. ఎన్నో చట్టాల్లో నెమ్మదిగా, కంటికి తెలియకుండా చేరిన నేల ఒడ్డు యజమానికి చెందుతుంది, ఒక్కసారిగా చేరిన నేలకి మాత్రం పాత హద్దే నిలుస్తుంది. ఫ్లోరిడాలో ప్రభుత్వం ఇసుక పోసే ముందు కోత నియంత్రణ గీత ఒకటి గీసి నమోదు చేస్తుంది. అప్పటిదాకా సముద్రంతో పాటు కదిలే హద్దు ఆ రోజు నుంచి కదలదు. గీతకి అవతల కొత్తగా ఏర్పడిన పొడి ఇసుక ప్రభుత్వానిది, దాని మీద ఎవరైనా నడవొచ్చు, కూర్చోవచ్చు. డెస్టిన్, వాల్టన్ కౌంటీ ప్రాంతపు యజమానులు దీని మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. మా ఆస్తిని పరిహారం లేకుండా తీసుకున్నట్టే అన్నారు. కోర్టు 2010లో వాళ్ళ వాదనని ఒప్పుకోలేదు.

దేశానికో పద్ధతి ఉంది. స్పెయిన్ 1988 తీర చట్టం ప్రజా తీరం పరిధిలోకి వచ్చిన ప్రైవేటు ఆస్తుల్ని గడువున్న వాడుక హక్కుగా మార్చింది. 2013 సవరణలో ఆ గడువు 75 ఏళ్ళ దాకా పొడిగించుకునే వీలిచ్చారు. భారత్‌లో తీర నియంత్రణ నిబంధనలు పోటు గీత నుంచి దూరాన్ని కొలుస్తాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం, అది అమల్లోకి వచ్చిన గ్రామీణ తీరాల్లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2,161 దాటితే 50 మీటర్ల వరకు, తక్కువైతే 200 మీటర్ల వరకు నిర్మాణ నిషేధం ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో తీరాన్ని ముక్కలుగా విభజించి, ఏ ముక్కని కాపాడతారో, దేన్ని ప్రకృతికి వదిలేస్తారో ముందే రాసిన ప్రణాళికలున్నాయి. మీ తీరానికి అలాంటి కాగితం ఉందేమో అడగండి. వదిలేస్తామని రాసిన చోట ఇల్లు కొని, తర్వాత పథకం కోసం తిరిగిన వాళ్ళ బాధ చెప్పనలవి కాదు.

మీరు చేయాల్సింది ఇది. దస్తావేజులో సముద్రం వైపు హద్దు ఏమని రాసి ఉందో చూడండి. "సముద్రం" అని ఉందా, సర్వే రాయి పేరుందా, కొలత ఉందా? లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో ఇసుక పోయకముందే కొలిపించి, తేదీ ఉన్న మ్యాపు తీసుకోండి. పోసిన తర్వాత పాత అంచు ఎక్కడుందో చెప్పడానికి ఆనవాలు కూడా మిగలదు.

పథకం కాగితంలో లెక్క సరిచూడండి

ఇది కష్టమైన లెక్కేం కాదు. పథకంలో రెండు అంకెలుంటాయి: ఎంత ఇసుక పోస్తారు, బీచ్ ఎంత వెడల్పవుతుంది. బీచ్ అంటే కనిపించే పొడి ఇసుక ఒక్కటే కాదు, నీళ్ళ కింద కెరటాలు ఇసుకని కదిలించగలిగిన లోతు దాకా అంతా బీచే. పొడి ఇసుక ఎత్తు సముద్ర మట్టం నుంచి 2 మీటర్లు, ఆ లోతు 6 మీటర్లు అనుకుందాం. రెండూ కలిపితే 8. అంటే ఒక మీటరు పొడవు తీరాన్ని ఒక మీటరు వెడల్పు చేయడానికి సుమారు 8 ఘనపు మీటర్లు కావాలి. 500 మీటర్ల తీరం 30 మీటర్లు పెరగాలంటే 1.2 లక్షల ఘనపు మీటర్లు. మీ కాగితంలో 40 వేలే ఉంటే చివరికి మిగిలే వెడల్పు 10 మీటర్లే. పోసిన రోజున మాత్రం 30 కనిపిస్తుంది, ఎందుకంటే ఇసుకంతా పైనే గుట్టగా ఉంటుంది. తర్వాత కెరటాలు దాన్ని నీళ్ళ కిందికి సర్దుతాయి. పథకం ముగిసిన నెలల్లోనే "ఇసుకంతా కొట్టుకుపోయింది, డబ్బంతా వృథా" అని యజమానులు ఆవేదన పడేది దీనివల్లే. ఇసుక చాలావరకు అక్కడే ఉంది, ముందుగా ఎవరూ చెప్పకపోవడమే తప్పు. అందుకే "పోసిన రోజు వెడల్పు ఎంత, సర్దుకున్నాక వెడల్పు ఎంత" అని రెండు అంకెలూ విడిగా రాయించండి.

తర్వాత ఇసుక రేణువు సంగతి. మీ బీచ్ ఇసుక, వాళ్ళు తెచ్చే ఇసుక రెండూ చెరో గుప్పెడు అరచేతిలో పక్కపక్కన పెట్టి చూడండి. తెచ్చేది మీదానికన్నా మెత్తగా, పిండిలా ఉంటే వాలు పల్చబడి ఎక్కువ భాగం నీళ్ళ కిందికే పోతుంది, పై లెక్క సరిపోదు. బాగా ముతకగా ఉంటే త్వరగా పోదు కానీ బీచ్ నిటారుగా తయారవుతుంది. ముతక ఇసుకతో ఇంకో చిక్కు కూడా ఉంది. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ బీచ్ దగ్గర 2012లో ముతక ఇసుక పోసి బీచ్ ఎత్తు పెంచాక, నేల లోపలి నీటి మట్టం లేచి ఒడ్డునున్న ఇళ్ళ దగ్గర నీళ్ళు నిలిచాయి. మీ ఇంటికి సెల్లారో, సెప్టిక్ ట్యాంకో, వాననీటి కాలవో సముద్రం వైపు ఉంటే, బీచ్ ఎత్తు పెరిగాక నీళ్ళు ఎటు పోతాయో తప్పనిసరిగా అడగండి.

తీరం పొడవు గురించి ఇంకో సంగతి, దీన్ని పక్కింటివాళ్ళకి కూడా చెప్పండి. పోసిన ఇసుక రెండు కొసల నుంచి పక్కలకి పాకుతూ పల్చబడుతుంది. మిగతావన్నీ సమానమైతే పథకం ఎన్నాళ్ళు నిలుస్తుందనేది దాని పొడవు వర్గాన్ని బట్టి ఉంటుంది. పొడవు రెట్టింపైతే ఆయుష్షు నాలుగింతలు. 500 మీటర్ల చోట 2 కిలోమీటర్లు చేస్తే పదహారింతలు. ఒక్క రిసార్టు తన ముందు మాత్రమే పోసుకున్న ఇసుక నిలవకపోవడానికి కారణం ఇదే. నలుగురు యజమానులు విడివిడిగా పోరాడే బదులు మొత్తం తీరానికి ఒకే పథకం అడగడంలో ఉన్న బలం కూడా ఇదే.

ఇక రెండో విడత. నెదర్లాండ్స్ 1990లో తీరాన్ని ఆ ఏటి గీత దగ్గరే నిలుపుతామని నిర్ణయించుకుంది. 2001 నుంచి సగటున ఏడాదికి సుమారు 1.2 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక పోస్తోంది. 2011లో ఒకేచోట 2 కోట్లకి పైగా ఘనపు మీటర్లు పోసి, 20 ఏళ్ళ పాటు కెరటాలే దాన్ని తీరమంతా పంచేలా ఇసుక ఇంజన్ అనే ప్రయోగం చేసింది. అక్కడ కూడా ఒకసారి పోసి ఊరుకుంటామని ఎవరూ అనలేదు. మీ పథకంలో కూడా ఎన్నేళ్ళకోసారి పోస్తారు, వెడల్పు ఎంతకి తగ్గితే పోస్తారు, ఖర్చులో మీ వాటా ఎంత, పన్ను పెరుగుతుందా, ఇసుక ఎక్కడ నుంచి తవ్వుతారు అన్నవి ఉండాలి. తవ్వే చోటు ఒడ్డుకి మరీ దగ్గరైతే ఆ గొయ్యిలోకి మీ ఇసుకే జారుతుంది.

అనుమతి పత్రంలో ఏం రాయించాలి

వాళ్ళు తెచ్చే పత్రంలో "ఎప్పటికీ", "అవసరమైనంత మేర" లాంటి మాటలుంటాయి. వాటి కింద గీత గీయండి. ఎన్ని మీటర్ల వెడల్పు మేర, ఎన్నేళ్ళు, ఏ పనులకి అన్నది అంకెల్లో అడగండి. ప్రజలకి దారి ఇవ్వాలంటే ఇవ్వండి, ప్రజల డబ్బుతో పోసిన ఇసుక మీద ప్రజలు నడవడం న్యాయమే. కానీ ఆ దారి ఎక్కడ నుంచి, చెత్త ఎవరు తీస్తారు, మరుగుదొడ్డి, పార్కింగు ఎక్కడ అన్నది తేలాలి. లేకపోతే ఆ బరువంతా మీ గుమ్మం ముందే పడుతుంది.

బీచ్ వెనక వేసే ఇసుక దిబ్బ ఎత్తు కూడా రాయించండి. న్యూజెర్సీలోని హార్వీ సీడర్స్‌లో 22 అడుగుల దిబ్బ వేస్తే తమకి సముద్రం కనిపించడం లేదని ఒక కుటుంబం కోర్టుకెళ్ళింది. కింది కోర్టు జ్యూరీ 3,75,000 డాలర్లు ఇవ్వమంది. 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, దిబ్బ వల్ల ఇంటికి కలిగిన రక్షణని కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. సముద్రం కనిపించకుండా పోయిందన్న బాధ నాకు అర్థమవుతుంది. అయినా దిబ్బ తగ్గించమని అడిగే ముందు గట్టిగా ఆలోచించండి. తుఫాను రాత్రి మీ ఇంటికీ సముద్రానికీ మధ్య ఉండేది అదొక్కటే.

పక్కన కట్టడం వస్తున్నప్పుడు

అభ్యంతరం రాసేటప్పుడు కోపం కాదు, కొలతలు రాయండి. ఒక పేజీ చాలు. మీ స్థలం ఎక్కడుంది, ఇసుక ఏ వైపు నుంచి వస్తోంది, కొత్త కట్టడం ఆ దారిలో ఎక్కడ పడుతుంది, మీ దగ్గరున్న కొలతలేంటి. తర్వాత ప్రశ్నలు: కెరటాలు, ఇసుక నడక మీద అధ్యయనం అన్ని రుతువుల్లోనూ చేశారా? కట్టడానికి అవతల ఎన్ని కిలోమీటర్ల దాకా ప్రభావం చూశారు? ఇసుక ఆగిపోతే దాటించే ఖర్చు ఎవరిది, ఆ డబ్బు ముందుగా డిపాజిట్ చేస్తారా? చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. డిపాజిట్ లేని హామీ, అధికారి బదిలీ అయిన రోజున గాలికి పోతుంది.

గడువు తేదీ దాటకుండా ఇవ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేసిన కాపీ తీసుకోండి. ఒడ్డున మీకన్నా ముందు నుంచి బతుకుతున్న మత్స్యకారుల్ని కలవండి. ఏ నెలలో ఇసుక ఎటు పోతుందో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. పడవలు లాగే చోటు, వలలు ఆరేసే చోటు పోతే వాళ్ళకి పోయేది పూటకూడు. వాళ్ళ అభ్యంతరం మీ కాగితంలో ఒక వాక్యంగా కాకుండా, వాళ్ళ పేరుతో వాళ్ళే ఇచ్చేలా తోడ్పడండి.

పక్కవాళ్ళ కట్టడానికి వేసిన ఈ తూకమే మీకూ వర్తిస్తుంది. భయంతో మీ స్థలం ముందు సొంతంగా రాతి గోడ కట్టాలనిపిస్తుంది. గోడ వెనకున్న ఇల్లు నిలవొచ్చు, గోడ ముందున్న బీచ్ నిలవదు. తీరం వెనక్కి జరుగుతున్న చోట గోడ దగ్గర నీళ్ళు ఆగి, మనం నడిచే పొడి ఇసుక ఏళ్ళు గడిచేకొద్దీ మునిగిపోతుంది. గోడ కొసల దగ్గర కెరటం తిరిగి పక్క స్థలాన్ని కోస్తుంది. మీ గోడని చూసి పక్కింటాయన గోడ, ఆయన్ని చూసి ఇంకొకరు. అనుమతి లేకుండా అసలు కట్టొద్దు. ఇల్లు వెనక్కి జరిపే వీలుంటే ఆ ఖర్చు లెక్క ఒకసారి వేయించి చూడండి. గోడ, దాని మరమ్మతులు కలుపుకుంటే తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు.

ఇసుక పడ్డాక

పైపులోంచి వచ్చిన ఇసుక మొదట్లో బూడిదరంగులో, బురద వాసనతో ఉంటుంది. కంగారు పడకండి, ఎండకీ వానకీ నెమ్మదిగా రంగు తేలుతుంది. కానీ గుల్లలు, మట్టి గడ్డలు ఎక్కువగా ఉంటే వెంటనే ఫొటో తీసి రాసివ్వండి. మొదటి పెద్ద కెరటాల తర్వాత నీటి అంచున కత్తితో కోసినట్టు నిటారు గట్టు ఏర్పడొచ్చు. ఒక పొద్దున దాని పక్కన నిలబడితే అది నా నడుము దాకా వచ్చింది. పొరలు పొరలుగా కనిపిస్తోంది, అంచు మీద అడుగు పెడితే దబ్బున విరిగి పడుతోంది. పిల్లల్ని దాని కింద ఆడనివ్వకండి. దాన్ని చదును చేయించే బాధ్యత కాంట్రాక్టులో ఉండాలి. ఫ్లోరిడాలో 18 అంగుళాలు దాటిన గట్లని తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలానికి ముందే చదును చేయాలని అనుమతుల్లో షరతు పెడతారు, ఎందుకంటే తల్లి తాబేలు దాన్ని ఎక్కలేదు. మీ దగ్గర కూడా తాబేళ్ళు వస్తుంటే ఆ నెలల్లో సముద్రం వైపు లైట్లు ఆపండి, యంత్రాలు తిరగనివ్వకండి.

దిబ్బ మీద మొక్కలు వేయించండి. మేక గిట్టలాంటి ఆకులతో పాకే తీగ, రావణాసురుడి మీసాలు అనే ముళ్ళ గడ్డి లాంటివి గాలికి లేచే ఇసుకని పట్టి దిబ్బని పెంచుతాయి. లాన్ గడ్డి ఆ పని చేయలేదు. దిబ్బ మీద నడిచే దారి ఒక్కటే పెట్టి, దానికి చెక్క మెట్లు వేయండి. అందరూ తలో దారి తొక్కితే ఆ సందుల్లోంచే నీళ్ళు లోపలికొస్తాయి.

కర్రల కొలత మాత్రం ఆపకండి. ఇసుక పోసిన వారంలో ఒకటి, తర్వాత నెలకొకటి. రెండో విడత పోయాల్సిన వెడల్పు ఎంతని పథకంలో రాశారో ఆ అంకెని నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసి పెట్టుకోండి. మీ కొలత ఆ అంకెని తాకిన రోజునే ఉత్తరం రాయండి, గళ్ళ కాగితం మీది బొమ్మలు జతచేయండి, ఇరుగుపొరుగు వాళ్ళ సంతకాలు తీసుకోండి. సముద్రం అడుగు నుంచి ఇసుక తోడే ఓడ (డ్రెడ్జర్) కుదరడానికి, అనుమతులు తిరగడానికి నెలలు పడుతుంది కాబట్టి ఆ ఉత్తరం తుఫానుల కాలానికి చాలా ముందే చేరాలి.